చప్పిడి ముక్కు రివాల్వరు: మోయుటకు తేలిక, పేల్చుటకు కష్టము

గొట్టము రెండంగుళములకు మించక, ముఖము నొక్కివేసినట్లు కనుపించు చిన్న రివాల్వరును అమెరికాలో చప్పిడి ముక్కు రివాల్వరని పిలుతురు. 1927లో కోల్టు సంస్థ ‘డిటెక్టివ్ స్పెషల్’ అను పేర ఆరు తూటాల రివాల్వరు నొకదానిని విడుదల చేసినది. సాదా దుస్తులలో తిరుగు పోలీసు ఉద్యోగి కోటు క్రింద దాచుకొనుటకు అది అనువుగా నుండెను. 1950లో స్మిత్ అండ్ వెసన్ సంస్థ ఇంకను చిన్నదియైన అయిదు తూటాల రివాల్వరును పోలీసు అధిపతుల సమావేశమున ప్రదర్శించినది. ‘చీఫ్స్ స్పెషల్’ అను పేరు దానికి అక్కడనే స్థిరపడినది. నేడు అంగళ్ళలో దొరకు చిన్న రివాల్వర్లలో పెక్కింటి పోలిక ఈ రెండింటిలోనే కనుపించును.

ఇప్పుడు అంతే పరిమాణములో పది తూటాలు పట్టు పిస్తోళ్ళు వచ్చినవి. అయినను ఈ పొట్టి రివాల్వరు అంగడి విడిచి పోలేదు. పిస్తోలు పైభాగమును వెనుకకు లాగి వదలుటకు వ్రేళ్ళలో సత్తువ కావలెను. కీళ్ళనొప్పులవారికి అది దుస్సాధ్యము. రివాల్వరునకు ఆ పని లేదు. ఒక తూటా పేలక తుస్సుమన్నచో మరల ట్రిగ్గరు లాగిన చాలును, తరువాతి తూటా సుత్తి యెదుటికి వచ్చును. శరీరమునకు అదుముకొని పేల్చినను పని ఆగిపోదు. సుత్తి లోపల దాగియున్న రకమైనచో కోటు జేబులోనుండియే పేల్చవచ్చును.

ఈ గుణములు విని దుకాణమునకు పోవువారు అన్నింటికంటె తేలికైన తుపాకిని, అన్నింటికంటె బలమైన తూటాను కోరుదురు. స్త్రీలకును వృద్ధులకును అదియే తగునని అమ్మువారు చెప్పుటయు కద్దు. ఇది మంచి సలహా కాదని మా అభిప్రాయము. అట్టి తుపాకిని కొన్నవారిలో చాలమంది మొదటిదినము అయిదు గుండ్లు పేల్చి, అరచేయి మండగా దానిని పెట్టెలో దాచి, మరల అభ్యాసమునకు పోరు. అభ్యాసము లేని చేతినుండి వెడలిన గుండు ఎవరికి తగులునో చెప్పజాలము. దుండగుని తప్పిన గుండు గోడలోనే ఆగవలెనను నియమ మేమున్నది? ఆ త్రోవన పోవుచున్న బిడ్డ అక్కడ నుండవచ్చును. కావున సుఖమనగా జేబునకు సుఖము మాత్రమే కాదు. చేతికిని సుఖముగా నుండవలెను.

బరువు తగ్గినకొలది తుపాకి తన్ను ఎందుకు పెరుగునో లెక్క వేసి చూతము. గుండు ముందునకు పోవునప్పుడు తుపాకి వెనుకకు తన్నును. ఒకే తూటాను 700 గ్రాముల రివాల్వరులో పేల్చినప్పటికంటె 350 గ్రాముల దానిలో పేల్చినప్పుడు తన్ను వేగము రెట్టింపగును; చేయి భరింపవలసిన శక్తియు రెట్టింపగును. మామూలు .38 స్పెషల్ తూటాకు మారుగా .357 మాగ్నం తూటాను వాడినచో అది మరి రెండు రెట్లకు పైగా పెరుగును. అనగా తేలిక తుపాకిలో మాగ్నం తూటా వేసినవాడు, బరువు తుపాకిలో మామూలు తూటా వేసినవానికంటె ఉజ్జాయింపున నాలుగైదు రెట్లు దెబ్బ తినుచున్నాడన్నమాట. అట్టి తాకిడికి చక్రములోని తక్కిన తూటాల గుండ్లు డొల్లలనుండి ముందునకు జారి, చక్రము తిరుగకుండ పట్టివేయుటయు కలదు. ప్రాణాపాయ సమయమున అంతకంటె అనర్థము వేరేమి కావలెను?

తన్ను కన్నులకు కనుపించు శత్రువు. ట్రిగ్గరు కనుపించని శత్రువు. ఈ రకపు రివాల్వరులో సుత్తిని వెనుకకు లేపుట, చక్రమును త్రిప్పుట, సుత్తిని వదలుట అను మూడు పనులును ఒక్క చూపుడువ్రేలి లాగుడుతోనే జరుగవలెను. అందుకు ఇంచుమించు అయిదు కిలోగ్రాముల బలము పట్టును. తుపాకి బరువా, నాలుగువందల గ్రాములు! తన బరువునకు పదిరెట్లకు మించిన బలముతో వ్రేలు లాగుచుండగా ఆ చిన్న వస్తువు కదలక నిలుచుట యెట్లు? గురి తప్పుటకు ముఖ్యకారణము తన్ను కాదు. గుండు వెడలకముందే జరుగు ఈ కదలిక. అందుచేత దుకాణములో తుపాకిని చేతికి తీసుకొన్నప్పుడు, అది ఖాళీగా నున్నదని స్వయముగా చూచుకొని, అమ్మువాని అనుమతితో ట్రిగ్గరును పది పండ్రెండుసార్లు మెల్లగా లాగి చూడవలెను. నడుమ గరుకుగా ఆగి ఆగి వచ్చుచున్నదా, ఏకధారగా వచ్చుచున్నదా అన్నది ముఖ్యము. 2009లో రూగర్ సంస్థ ప్రవేశపెట్టిన ఎల్‌.సి.ఆర్. అను రివాల్వరు ఈ విషయమున మంచిపేరు తెచ్చుకొన్నది.

గొట్టము పొట్టిదగుటచే ముందరి గురికిని వెనుకటి గురికిని నడుమ దూరము ఒక జానెడైనను ఉండదు. ఆ దూరము పది సెంటీమీటర్లనుకొందము. గురి ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో అయిదు మీటర్ల దూరమున గుండు అయిదు సెంటీమీటర్లు తప్పును. పెద్ద తుపాకిలో, గురుల నడుమ ఇరువది సెంటీమీటర్లున్నచో, అదే పొరపాటునకు రెండున్నర సెంటీమీటర్లే తప్పును. పొట్టి తుపాకి గురి లేనిదని లోకులందురు గాని అది నిజము కాదు. చేతి పొరపాటును అది క్షమింపదు, అంతే. ముందరి గురికి తెలుపో నారింజరంగో పూసినచో మసక వెలుతురున కొంత మేలు.

పిడి విషయమున బేరము పనికిరాదు. జేబులో ఇముడవలెనని మరీ పొట్టిగా చేసిన పిడి పట్టిన చిటికెనవ్రేలు గాలిలో వ్రేలాడును; వెనుక ఉక్కు అంచు బొటనవ్రేలి మొదటను కోయును. వెనుకభాగమంతయు కప్పు మెత్తని రబ్బరు పిడి తన్నును ఎంతో చల్లార్చును. కాని గుడ్డను పట్టుకొని చొక్కాను పైకి లాగును. జేబులో పెట్టువారికి నున్నని కొయ్యపిడి, నడుమున కట్టువారికి రబ్బరు పిడి మేలని మా కనుపించుచున్నది. పిడి మార్చుట కయ్యెడు ఖర్చు స్వల్పము. కనుక తుపాకిని నిరాకరించుటకు ముందు దాని పిడిని మార్చి చూడవచ్చును.

ఇక ఏ బరువు? పూర్తిగా ఉక్కుతో చేసిన పాత చీఫ్స్ స్పెషల్ 550 గ్రాములుండును. అల్యూమినియము చట్రముతో వచ్చు 642 రకము నాలుగు వందల చిల్లర. స్కాండియము కలిపిన చట్రముతో వచ్చు 340 పి.డి. రకము 330కి అటునిటుగా. రూగర్ ఎస్.పి. 101 ఏడువందలకు పైమాటే. నడుమునకు గట్టి పటకా కట్టుకొనువారు ఉక్కుతుపాకి బరువును వారము దినములలో మరచిపోదురు. జేబుననే ఉంచుకొనక తప్పనివారికి అల్యూమినియము రకము మధ్యేమార్గము. స్కాండియపు రకము చేయి తిరిగినవారికే గాని క్రొత్తవారికి కాదు.

తూటాను మార్చుట మరియొక ఉపాయము. చదునైన ముఖముగల 148 గ్రెయినుల వాడ్‌కట్టరు తూటా కాగితపు గురిపలకపై వాడుటకు పుట్టినది. మెల్లగా పోవును, తన్ను తక్కువ. పొట్టి గొట్టమునుండి వెడలునప్పుడు బోలుముక్కు గుండ్లు అనుకొన్నట్లు విచ్చుకొనుటకు వేగము చాలకపోవుట కలదు. కనుక మెత్తని వాడ్‌కట్టరునే నిత్యము నింపుకొను అనుభవజ్ఞులును ఉన్నారు. 1984లో వచ్చిన .32 హెచ్. అండ్ ఆర్. మాగ్నం తూటా సన్ననిది. అయిదు పట్టుచోట ఆరు పట్టును, తన్నును తక్కువే. చేతిలో బలము తక్కువవారు దీనిని తప్పక పరిశీలింపవలెను. .22 తూటా చౌక, అభ్యాసమునకు శ్రేష్ఠము. అయితే అంచున కొట్టి పేల్చు తూటా యగుటచే తుస్సుమనుట కొంత యెక్కువ, ట్రిగ్గరును గట్టిది.

కొనుటకు ముందు అద్దెకు దొరకునేమో విచారించి, చెవులకు రక్షణ పెట్టుకొని, అభ్యాసశాలలో ఏబది గుండ్లు పేల్చి చూచుట ఉత్తమము. అయిదు మీటర్ల దూరమున అయిదు గుండ్లును భోజనపు పళ్ళెమంత చోటులో పడవలెను. ఏబదవ గుండు పేల్చునాటికి చేయి వణకుచున్నచో ఆ తుపాకి మీది కాదు. జేబులో దానిని ఊరక వేయరాదు. ట్రిగ్గరును పూర్తిగా కప్పు ఒరలో నుంచవలెను. ఆ జేబులో తాళపుచెవులు, చిల్లర డబ్బులు మరేమియు నుండరాదు.

అమెరికాలోని తెలుగువారికి ఒక్క మాట. విద్యార్థి వీసా, తాత్కాలిక ఉద్యోగ వీసా మున్నగువానిపై నున్నవారు తుపాకి కలిగియుండుట, వేట లైసెన్సువంటి కొద్ది మినహాయింపులు దక్క, ఆ దేశపు కేంద్ర చట్టముచే నిషిద్ధము. మిత్రుడు కొని యిచ్చినను నేరమే. శాశ్వత నివాసము పొందినవారికి ఈ నిషేధము లేదు. కాని దాచి మోయుటను గూర్చిన నిబంధనలు రాష్ట్రమునకొక విధముగా నున్నవి. ఒక రాష్ట్రపు అనుమతి పొరుగు రాష్ట్రమున చెల్లకపోవచ్చును.

మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ననుసరించి లైసెన్సు లేనిదే ఏ రివాల్వరును ఉంచుకొనరాదు. 2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదన్నారు. లైసెన్సుదారులకు చిరపరిచితమైనది కాన్పూరు ఆయుధ కర్మాగారపు .32 రివాల్వరు, వెబ్లీ పద్ధతిలో నడుమ విరిచి తూటాలు నింపునది. 2014లో స్త్రీలను ఉద్దేశించి ‘నిర్భీక్’ అను పేర 500 గ్రాముల రివాల్వరు నొకదానిని అచ్చటనే విడుదల చేసిరి. వెల లక్షా ఇరువదివేల రూపాయలకు పైగా నుండెను. అంత వెలను గూర్చి అప్పుడు విమర్శలు వచ్చినవి. మా దృష్టిలో అంతకంటె పెద్ద చిక్కు వేరొకటి. 500 గ్రాముల బరువు, .32 తూటా మెత్తని తన్ను కలిసి చేతికి అనుకూలమే. కాని లైసెన్సుపై తూటాల సంఖ్య పరిమితము, సామాన్యులకు అభ్యాసశాలలు అరుదు. ఏటికి పిడికెడు తూటాలతో అయిదు కిలోల ట్రిగ్గరు చేతికి అలవడదు.

అందుకే ఇంటిలో ఖాళీ తుపాకితో చేయు అభ్యాసము మనవారికి మరింత అవసరము. తూటాలను వేరొక గదిలో ఉంచి, చక్రమును తెరచి కంటితో చూచి, వ్రేలితో తడిమి, బొమ్మతూటాలు వేసి, గట్టి గోడవంక గురిపెట్టి దినమునకు పదిసార్లు లాగిన చాలును. అభ్యాసము ముగిసిన పిదప తుపాకిని తాళము వేసిన ఇనుప పెట్టెలో పెట్టవలెను. పిల్లలున్న యింట అలమరపై, దిండు క్రింద ఉంచుట ఎంతమాత్రము తగదు. వయోజనునకు కష్టముగా తోచు ట్రిగ్గరును అయిదారేండ్ల పిల్లవాడు రెండు చేతులతో లాగగలడు.