దుమ్ము పీల్చే యంత్రాలు - ఇంటికా? మిల్లుకా?

వాక్యూమ్ క్లీనర్ అనగానే మనలో చాలామందికి తివాచీలు పరిచిన గదులు, మెత్తటి సోఫాలు, కలవారి ఇళ్లు గుర్తుకు వస్తాయి. "చీపురుండగా ఈ యంత్రమెందుకు?" అని ఊళ్లో పెద్దలు అడిగితే తప్పు పట్టలేం. కాని ఈ యంత్రం సంగతి కొంచెం లోతుకు వెళ్లి చూస్తే, దీని అవసరం ఇంట్లోకన్న వడ్ల మిల్లులో, పత్తి జిన్నింగులో, మందుల ఫ్యాక్టరీలో ఎక్కువని తెలుస్తుంది. ఇందులో ఎన్ని రకాలున్నాయి, ఏది దేనికి పనికి వస్తుంది, ఈ పరిశ్రమ గురించి మన విద్యార్థులు ఎందుకు పట్టించుకోవాలి అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న విషయం.

ఊదడమా? పీల్చడమా?

రైతు ఇంట పుట్టినవాళ్లకు గాలితో శుభ్రం చేయడం కొత్త కాదు. కల్లంలో వడ్లు తూర్పార పడితే గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది, తాలూ పొల్లూ గాలికి పోతాయి. అయితే పోయిన దుమ్ము ఎటు పోయింది? పక్కన నిలబడ్డ మనిషి మీదికి. తూర్పార పట్టడంలో వేరు చేయడం ఉంది గాని, పట్టి ఉంచడం లేదు.

1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరుకు తట్టింది సరిగ్గా ఈ ప్రశ్నే. గాలిని గట్టిగా ఊది దుమ్ము లేపే ఒక యంత్రాన్ని అక్కడ ప్రదర్శిస్తే ఆయన చూశాడు. లేచిన దుమ్ము మళ్లీ అక్కడే పడుతోంది. "ఊదే బదులు పీల్చి, మధ్యలో గుడ్డతో వడగడితే?" అనుకున్నాడు. కుర్చీ మీద చేతిరుమాలు పరచి నోటితో పీల్చి చూసుకున్నాడని చెబుతారు. ఆయన చేసిన యంత్రం గుర్రాలు లాగే బండి మీద ఉండేది. వీధిలో బండి ఆపి, కిటికీల గుండా పొడుగాటి గొట్టాలు లోపలికి పంపేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలోని తివాచీలు ఈ యంత్రంతోనే శుభ్రం చేశారు.

దానిని చేతిలోకి తెచ్చినవాడు మాత్రం ఇంజనీరు కాదు. అమెరికాలో కాంటన్ అనే ఊళ్లో ఒక పెద్ద దుకాణం ఊడ్చే జేమ్స్ మర్రే స్పాంగ్లర్. ఆయనకు ఉబ్బసం. ఊడ్చినప్పుడల్లా లేచే దుమ్ముకు ఊపిరాడక, ఒక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి తన బాధకు తానే మందు చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ హక్కులు కొనుక్కున్న హూవర్ పేరు లోకమంతా తెలుసు, స్పాంగ్లర్ పేరు కొందరికే తెలుసు. ఊడ్చేవాడి ఊపిరితిత్తుల నుంచి పుట్టిన యంత్రం ఇది అన్న మాట మాత్రం మనం మరవకూడదు.

పీల్చేది యంత్రం కాదు!

నిజానికి ఏ యంత్రమూ దుమ్మును 'లాగదు'. లోపలి ఫ్యాను గాలిని వెనక్కు నెడితే లోపల పీడనం తగ్గుతుంది. బయటి వాతావరణ పీడనం గాలినీ, గాలితోపాటు దుమ్మునూ లోపలికి తోస్తుంది. మన బావుల దగ్గర చూసిందే ఇది. గట్టు మీద పెట్టిన మోటారు నీళ్లను 34 అడుగుల లోతు నుంచి తేవాలని సిద్ధాంతం, ఆచరణలో 25 అడుగులు దాటితే కష్టం. అందుకే నీళ్లు అడుగంటినప్పుడు మోటారును బావిలోకి దించుతారు. ఇంట్లో వాడే మంచి వాక్యూమ్ క్లీనరు వాతావరణ పీడనంలో ఐదో వంతు దాకా తగ్గించగలదు. అంటే నీళ్లను సుమారు 2 మీటర్లు ఎత్తగల బలం. పేరులో 'శూన్యం' ఉంది గాని, లోపల శూన్యమేమీ ఉండదు.

కొనేవాళ్లు మోసపోయేది వాట్ల దగ్గర. డబ్బా మీద రాసిన 1400 వాట్లు యంత్రం తినే కరెంటు, చేసే పని కాదు. పావుగంట నడిపితే 0.35 యూనిట్టు ఖర్చు. పంపు కొనేటప్పుడు రైతు హెడ్డు ఎంత, డిశ్చార్జి ఎంత అని రెండూ అడుగుతాడు. ఇక్కడా అంతే. పీడనంలో తేడా ఎంత, సెకనుకు పోయే గాలి ఎంత అన్న రెంటి లబ్ధమే అసలైన శక్తి. దానిని ఎయిర్ వాట్లు అంటారు. యూరపు దేశాలు 2014లో ఇంటి యంత్రాలను 1600 వాట్ల లోపుకు, 2017లో 900 వాట్ల లోపుకు తెచ్చాయి. అయినా అక్కడి ఇళ్లు శుభ్రంగానే ఉన్నాయి.

మోటారు సంగతి కూడా ఒక మాట. చాలా వైరు క్లీనర్లలో ఉండేది మిక్సీలో ఉండే యూనివర్సల్ మోటారే. కార్బన్లు అరిగితే మిక్సీ బాగుచేసే మెకానిక్కే మార్చగలడు. గొట్టం మూసుకుంటే మోటారు మూలగాలి గదా, కాని గొంతు పెంచి ఇంకా వేగంగా తిరుగుతుంది. నెట్టడానికి గాలి లేదు గనుక దానికి పని తగ్గింది మరి! చల్లబరిచే గాలి కూడా తగ్గుతుంది కాబట్టి అలా ఎక్కువసేపు నడిపితే కాలిపోతుంది.

రకాలు, గుణదోషాలు

1. సంచి రకం: దుమ్ము గుడ్డ సంచిలోనో కాగితపు సంచిలోనో ఆగుతుంది. పారవేసేటప్పుడు దుమ్ము లేవదు, ఉబ్బసం ఉన్నవాళ్లకు మంచిది. సంచి నిండేకొద్దీ బలం తగ్గుతుంది. సంచులు చిన్న ఊళ్లలో దొరక్కపోతే యంత్రం అటక ఎక్కుతుంది.

2. తుపాను రకం, అనగా సైక్లోన్: గాలిని శంఖం వంటి పాత్రలో గిర్రున తిప్పితే బరువైన దుమ్ము గోడకు కొట్టుకొని కిందికి జారుతుంది. సంచి అక్కరలేదు, బలం త్వరగా తగ్గదు. మరీ సన్నని దుమ్ము తప్పించుకుంటుంది గనుక వెనుక ఫిల్టరు ఉండి తీరాలి. డబ్బా దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

3. నీళ్ల రకం: గాలి నీళ్లలో బుడగలుగా పోతుంది. తడిసిన దుమ్ము మళ్లీ లేవదు. కాని బుడగ మధ్యలో ఉన్న సన్నని రేణువు తడవకుండానే బయటపడవచ్చు. బరువెక్కువ, వాడగానే నీళ్లు పారబోయకపోతే కంపు.

4. డ్రమ్ము రకం: తడి, పొడి రెండూ పీలుస్తుంది. షెడ్లకు, దుకాణాలకు, వర్కుషాపులకు పనికి వస్తుంది. పొడి రకంతో నీళ్లు పీలిస్తే షాకు కొట్టవచ్చు, ఏ రకంతోనూ నిప్పున్న బూడిద పీల్చరాదు.

5. బ్యాటరీ కర్ర రకం: తేలిక, వైరు లేదు. పూర్తి బలంతో నడిపితే బ్యాటరీ కొద్ది నిమిషాలే. కొన్నేళ్లకు బ్యాటరీ మార్చక తప్పదు.

6. రోబో రకం: అమెరికాలో 2002లో వచ్చిన రూంబాతో పేరుకెక్కింది. తనంతట తాను తిరుగుతుంది. బలం తక్కువ. అన్నిటికన్న ముఖ్యం, మన గడప దాటలేదు!

రకమేదైనా అడగవలసిన ప్రశ్న ఒకటే: వెనుక నుంచి బయటికి వచ్చే గాలిలో ఏముంది? ఇక్కడే హెపా ఫిల్టరు పని. 0.3 మైక్రాన్ల రేణువులను సైతం నూటికి 99.97 వంతులు ఆపితేనే దానికి ఆ పేరు. అది లేని చోట పెద్ద చెత్త పోయి, ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే సన్నని ధూళి గదిలోనే తిరుగుతుంది. లెక్క చూడండి. నిశ్చలమైన గాలిలో 10 మైక్రాన్ల రేణువు 2 మీటర్ల ఎత్తు నుంచి నేలకు దిగడానికి సుమారు 11 నిమిషాలు. 1 మైక్రాన్ రేణువుకు సుమారు 16 గంటలు! పొద్దున పొడి చీపురుతో లేపిన ధూళి రాత్రి పడుకునేదాకా మనతోనే ఉంటుందన్న మాట.

అలాగని ప్రతి ఇంటికీ ఈ యంత్రం కావాలని నేననను. మన గచ్చు నేలలకు, బండలకు తడి గుడ్డ చాలా మంచి సాధనం. పరుపులు ఎక్కువ ఉన్నచోట, ఉబ్బసం ఉన్న పిల్లలున్నచోట, రోడ్డు పక్క ఇళ్లలో ఇది సౌకర్యం. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ వారు ఇంటింటికీ మనుషులను పంపి మన దేశపు పట్టణాల్లో యూరోక్లీన్ అమ్మకం పెంచారు. అందుకే ఇది ఇంటి వస్తువని మన మనసులో నాటుకుపోయింది.

మిల్లు నుంచి ఇంటికి

పైన చెప్పిన సైక్లోన్ విద్య ఇంటిది కాదు. 1878 మే 2న అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండిమిల్లు పేలిపోయి 18 మంది పనివాళ్లు చనిపోయారు. మందుగుండు కాదు, గోధుమపిండి ధూళి! ఆ కాలం నుంచే పిండిమిల్లుల్లో ధూళిని పట్టే యంత్రాల మీద శ్రద్ధ పెరిగింది. సరిగ్గా నూరేళ్ల తరువాత, 1978లో, జేమ్స్ డైసన్ ఒక కోతమిల్లు మీద రంపపు పొట్టును పట్టే పెద్ద శంఖాన్ని గమనించి, దానినే చిన్నదిగా చేయబూనాడు. 5127 నమూనాలు చేశాడు. ఆయన సొంత పేరుతో యంత్రం 1993లో బజారుకు వచ్చింది.

హైదరాబాదు నుంచి 44వ నెంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న మా తూప్రాన్ చుట్టుపక్కల రైసుమిల్లుల్లో ఊక పట్టే తగరపు శంఖాలు చూడవచ్చు. అదే సూత్రం. గాలి వేగం సెకనుకు 20 మీటర్లు అనుకొని మన ఫిజిక్సు పాఠంలోని సూత్రం వేస్తే, అర మీటరు వ్యాసార్థం ఉన్న మిల్లు శంఖంలో రేణువు మీద గోడవైపు నెట్టే బలం దాని బరువుకు సుమారు 80 రెట్లు. 2 సెంటీమీటర్ల చిన్న శంఖంలో సుమారు 2000 రెట్లు. శంఖం చిన్నదైతే సన్నని ధూళి ఎందుకు చిక్కుతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

మనకెందుకు?

2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో పేలుడు సంభవించి 40 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. పొట్ట చేత పట్టుకొని బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవారు వారిలో ఎందరో ఉన్నారు. ఆ చోటు పాత మెదక్ జిల్లాలోనిదే. అక్కడ తయారయ్యేది మందుబిళ్లల్లో కలిపే సెల్యులోజు పొడి. కారణం తేల్చడం నిపుణుల పని. కాని మండే పొడి తయారయ్యే ప్రతి చోటా తెలిసి ఉండవలసిన పాఠం ఒకటుంది. మొదటి చిన్న పేలుడు దూలాల మీద, మిషన్ల మీద పేరుకున్న ధూళిని లేపుతుంది. ఆ లేచిన ధూళి అంటుకున్నదే రెండో పేలుడు, ఎక్కువ ప్రాణాలు తీసేది అదే. పేరుకున్న పొర మిల్లీమీటరులో 8 పదుల వంతు ఉన్నా ప్రమాదమేనని అమెరికాలో ఒక కొలత పెట్టుకున్నారు. దానిని చీపురుతో ఊడ్చినా, గాలి గొట్టంతో ఊదినా ధూళి లేస్తుంది. పీల్చి తీయడమే మార్గం. అదీ ఇంటి క్లీనరుతో కాదు, దాని కార్బన్ల దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. రవ్వ పుట్టని మోటారు, ఎర్తు చేసిన గొట్టం ఉన్న ప్రత్యేక యంత్రాలు కావాలి.

పేలని ధూళి మెల్లగా చంపుతుంది. రాతి ధూళి వల్ల సిలికోసిస్, పత్తి ధూళి వల్ల బిసినోసిస్. ఆదివారం సెలవు గడిచి సోమవారం పనిలోకి రాగానే ఛాతీ బిగిసినట్లుంటుందని రెండోదానికి 'సోమవారపు జ్వరం' అనే పేరు కూడా ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షనులోనే, ధూళిని అది పుట్టిన చోటుకు వీలైనంత దగ్గరలో లాగివేసే ఏర్పాటు ఉండాలని రాశారు. రాయడం ఒకటి, గొట్టం బిగించడం ఒకటి.

మన ఊళ్ల సంగతే తీసుకోండి. వడ్ల కొనుగోలు కేంద్రాల్లో తాలు తీసే మిషన్లు వచ్చాయి, చాటల కష్టం తగ్గింది. కాని అది ఊదే యంత్రం. నూగూ దుమ్మూ పక్కన గంపలెత్తే ఆడవాళ్ల మీద, సంచులు కుట్టే హమాలీల మీద పడుతుంది. కొంగు అడ్డం పెట్టుకోవడమే వాళ్ల ఫిల్టరు. 1901లో బూత్ చూసింది ఇదే గదా! ఆ మిషను వెనుక ఒక తగరపు శంఖం, ఒక గుడ్డ సంచి బిగించడానికి పెద్ద విద్య అక్కరలేదు. ఎంత వ్యాసం ఉండాలి, ఎంత మోటారు కావాలి అన్న లెక్క మన బి.యస్సీ. పాఠాల్లోనే ఉంది. తగరం పని చేసేవాళ్లు, మోటారు చుట్టేవాళ్లు మన మండల కేంద్రాల్లోనే ఉన్నారు.

ఈ పరిశ్రమ మనకు ముఖ్యం అనడానికి కారణం అదే. ఇది సోఫాల మీది దుమ్ము దులిపే వ్యాపారం మాత్రమే కాదు. రేపు మనలో కొందరు కాళ్లకల్‌లోనో పాశమైలారంలోనో ఫ్యాక్టరీల్లో చేరతారు, కొందరు మిల్లులు నడుపుతారు, కొందరు తనిఖీ అధికారులవుతారు. వెళ్లిన మొదటి రోజున మిత్రులు ఒక్క ప్రశ్న అడగాలని కోరుతున్నాను: "ఇక్కడి దుమ్ము ఎటు పోతోంది?" సంచిలోకి అంటే సంతోషం. మనిషి ఊపిరితిత్తుల్లోకి అయితే, అక్కడ మనకు పని ఉన్నట్టే.