ఏలూరు నాటకరంగం నుంచి తమిళ తెరకు: కన్నాంబ

పసుపులేటి కన్నాంబను తెలుగువారు చంద్రమతిగా, ద్రౌపదిగా, నాయకురాలు నాగమ్మగా గుర్తుంచుకోగా, తమిళులు ఆమెలో తమ కణ్ణగిని చూసుకున్నారు. ఒకే నటి రెండు భాషల వారికీ ఆత్మీయురాలు కావడానికి మూలం మద్రాసు స్టూడియోల కంటే ముందు ఆమె పెరిగిన ఏలూరులో, అక్కడి నాటకరంగం తీర్చిదిద్దిన కంఠంలో ఉంది.

కడపలో పుట్టి, ఏలూరులో మాతామహుల ఇంట పెరిగిన కన్నాంబ రంగప్రవేశం చేసేనాటికి ఆంధ్రదేశంలో పద్యనాటకానిదే రాజ్యం. పాత్రలు వచనంలో సంభాషిస్తూ, భావం తీవ్రమైన చోట పద్యాన్ని రాగంతో పాడే ఈ నాటకంలో, మైకు లేని పందిట్లో చివరి వరుస వారికి సైతం ప్రతి అక్షరం వినిపించాలి. రాగం సాగినా మాట చెదరకూడదు, దుఃఖం పొంగినా యతిప్రాసలు మరుగున పడకూడదు. పైగా స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. స్థానం నరసింహారావు వంటివారు ఆ సంప్రదాయాన్ని శిఖరానికి చేర్చిన కాలంలో ఒక యువతి వేదిక ఎక్కి మెప్పించడం సామాన్యమైన సాహసం కాదు. ఆ నాటకాల్లో ఒకటైన ‘హరిశ్చంద్ర’లోని కాటిసీను, అంటే శ్మశానంలో హరిశ్చంద్రుని భార్య చంద్రమతి చనిపోయిన కుమారుడిపై పడి విలపించే ఘట్టం, నటి కంఠానికీ గుండె బలానికీ కఠిన పరీక్ష.

అదే చంద్రమతి పాత్రతో ఆమె 1935లో ‘హరిశ్చంద్ర’ ద్వారా తెరకు పరిచయమై, మరుసటి ఏడు ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో నటించారు. భర్త కడారు నాగభూషణంతో కలిసి ఆమె నెలకొల్పిన శ్రీ రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీ తెలుగు, తమిళ భాషల్లో చిత్రాలు నిర్మించింది.

అయితే ఆమె జీవితంలో అత్యంత విశేషమైన ఘట్టం భాష మారడమే. తమిళం మాతృభాష కాని నటి, సంభాషణలను తెలుగు లిపిలో రాసుకుని, పలుకుబడిని చెవితో పట్టుకుని, 1942లో ‘కణ్ణగి’ చిత్రంలో ఇళంగోవన్ రాసిన గంభీరమైన మాటలను తమిళులే మెచ్చేలా పలికారు. ‘శిలప్పదికారం’ కావ్యనాయిక అయిన కణ్ణగి, అన్యాయంగా భర్తను చంపించిన పాండ్యరాజును నిండు సభలో నిలదీసిన స్త్రీ. కురుసభలో నిలిచిన ద్రౌపది పాత్రను అప్పటికే పోషించిన నటికి ఆ ఆగ్రహం కొత్తది కాదు. లిపి తెలియకపోయినా భాష లొంగిందంటే, అక్షరాన్ని అర్థంతో పాటు నాదంగా కూడా పట్టుకునే పద్యనాటక శిక్షణే అందుకు కారణమని భావించవచ్చు.

1954 నాటి తమిళ ‘మనోహర’లో, సంకెళ్లలో ఉన్న కుమారుణ్ని తిరగబడమని ఉత్తేజపరిచే రాణి పాత్ర ఆమెదే, సంభాషణలు కరుణానిధివి, కుమారుడు శివాజీ గణేశన్, దర్శకుడు ఏలూరు సమీపంలోని సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్. ఆ తరువాత మరో దశాబ్దం పాటు రెండు భాషల్లోనూ తల్లి పాత్రలకు ప్రాణం పోసిన కన్నాంబ 1964 మే 7న కన్నుమూశారు.