బరాత్‌లో ఆఫ్రికా

మేడిపల్లిలో గానీ కోరుట్లలో గానీ బరాత్‌లో తీన్మార్ మొదలైందంటే పెళ్లికొడుకు దోస్తులను ఆపడం ఎవరితరమూ కాదు. ఆ దరువులో ఆఫ్రికా పాలు ఉందంటే నమ్ముతారా?

హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ బస్తీ ఒకప్పటి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నివాసం. వనపర్తి రాజా పోషించిన, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల దళం తర్వాత నిజాం కొలువుకు చేరింది. 1948 పోలీసు చర్య తర్వాత దళం రద్దయింది. గుర్రాలు పోయినా వాద్యాలు మిగిలాయి. సిద్దీలూ, బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ అరబ్బులూ వాయించిన మర్ఫా అనే దరువు సంగీతం నిజాం వేడుకల నుంచి పెళ్లిళ్లకు, గణేశ్ ఊరేగింపులకు పాకింది. మన తీన్మార్ ఆ మర్ఫా దరువే. అందులో చర్మవాద్యాలకు తోడు స్టీలు బిందె కూడా మోగుతుంది! మన పల్లె డప్పు లేకుంటే ఆ దరువు ఇంత తేలిగ్గా ఒంటబట్టేది కాదని నా నమ్మకం.

జమైకా రెగెలోనూ ఆఫ్రికా మూలాలున్నాయి. దాన్ని తెలుగు జానపదంతో కలిపింది హైదరాబాద్ ‘చౌరస్తా’ బ్యాండ్. అందులో పాడిన రామ్ మిరియాలే 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాట కట్టి పాడాడు. ఇక బరాత్ డీజే బండ్లపై ఆ పాట జోరు చెప్పాలా!

సముద్రం అవతల ఎదురు కథ నడిచింది, బయటి పాటే ఆఫ్రికాకు చేరింది. 1970లలో జాంబియా రాగి గనుల పట్టణాల కుర్రాళ్లు రోలింగ్ స్టోన్స్ పాటలు విని, గరగరలాడే ఎలక్ట్రిక్ గిటార్లకు సొంత దరువులు జోడించారు. అదే జామ్‌రాక్. అందులో మేటి ‘విచ్’ బ్యాండ్. గాయకుడు ఇమ్మాన్యుయేల్ చందాకు రోలింగ్ స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్ పేరు మీదుగా ‘జగారి’ అన్న ముద్దుపేరు పడింది. రేడియోలో 95 శాతం పాటలు స్వదేశీవే ఉండాలని అధ్యక్షుడు కౌండా హుకుం జారీ చేయడం ఈ కుర్రాళ్లకు కలిసొచ్చింది. మన ఆకాశవాణీ 1952లో సినిమా పాటల్ని పక్కనపెట్టింది కదా, ఇక్కడ లాభపడింది మాత్రం రేడియో సిలోన్!

తర్వాత రాగి ధర పడిపోయింది, జాంబియా జేబు ఖాళీ అయింది, బ్యాండ్లు చెదిరిపోయాయి. జగారి రంగురాళ్ల గనిలోకి దిగాడు. పాత రికార్డులు విదేశాల్లో మళ్లీ విడుదలై కొత్త అభిమానులు పుట్టుకొచ్చాక, ‘విచ్’ 2023లో ‘జాంగో’ అనే కొత్త ఆల్బమ్ తెచ్చింది. అప్పటికి జగారికి డెబ్బై దాటాయి.