అడవి పోయి తోట వచ్చినప్పుడు నేలలో ఏమగును?

గుప్పెడు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించుచున్నవి. రాలిన ఆకును క్రుళ్ళజేసి, అందలి నత్రజనిని, భాస్వరమును మరల వేళ్ళకు అందునట్లు చేయునవి ఇవియే. ఉష్ణమండలపు వర్షారణ్యములలో ఈ పని మరింత ముఖ్యము. అచ్చటి నేలలు పెక్కుచోట్ల వానలకు కడుగుకొనిపోయి సారహీనములై యుండును. చెట్టు నుండి ఆకు, ఆకు నుండి మట్టి, మట్టి నుండి మరల చెట్టు - ఈ చక్రము తిరిగినంతకాలమే అడవి పచ్చగా నుండును. అట్టి అడవిని నరికి తోట వేసినచో ఈ కంటికి కానరాని జీవుల గతి యేమి?

ఇండోనేషియాలోని సుమత్రా ద్వీపమున, జాంబి ప్రాంతములో, 2012 నుండి జర్మనీ, ఇండోనేషియా శాస్త్రజ్ఞులు కలిసి ఈ విషయమును పరిశోధించిరి. అడవి నుండి, రబ్బరు తోటల నుండి, ఆయిల్ పామ్ తోటల నుండి మట్టిని తెచ్చి, అందలి డి.ఎన్.ఎ.ను వేరుచేసి పరీక్షించిరి. మట్టిలోని సూక్ష్మజీవులలో అధికభాగము ప్రయోగశాలలోని గాజుపళ్ళెములలో పెరుగవు. కనుకనే ఈ పద్ధతి అవసరమైనది.

ఫలితము వింతగా నున్నది. తోటలలో చెట్ల జాతులు, పక్షులు, కీటకములు మిక్కిలి తగ్గిపోయినవి గాని, బాక్టీరియాల రకములు తగ్గలేదు! అయితే నేలకు నష్టమే లేదనుకొందమా? తొందరపడరాదు. రకముల సంఖ్య తగ్గకున్నను, ఆ రకములు వేరైనవి. తోట వేయుటకు ముందు అడవిని తగులబెట్టుదురు. ఆ బూడిద, పిమ్మట వేయు సున్నము నేలలోని ఆమ్లగుణమును కొంత తగ్గించును. ఆ కొంచెము మార్పే బాక్టీరియాలకు చాలును. ఇడ్లీపిండి పులిసినకొలది అందలి సూక్ష్మజీవులు మారిపోవుట మన వంటయింటిలో నిత్యము జరుగునదే గదా!

జీవులతోపాటు వాని పనియు మారును. గాలిలోని మీథేన్ వాయువును ఆహారముగా గ్రహించు బాక్టీరియాలు నేలలో కలవు. భూతాపమును పెంచు ఆ వాయువును అడవినేల పీల్చుకొన్నంతగా తోటనేలలు పీల్చుకొనుటలేదని జాంబిలో కొలిచి చూచిరి. ఈ బాక్టీరియాలకు కావలసిన నత్రజని తోటనేలలో తగ్గుటయే కారణమని వారి అభిప్రాయము.

ఒకే తోటలో సైతము నేల అంతయు ఒక్కతీరుగా నుండదు. చెట్టు మొదట కలుపు తీసి, ఎరువు వేసి, నేలను బోడిగా ఉంచుదురు. నరికిన మట్టలను వరుసల నడుమ పేర్చుదురు. ఈ మట్టల క్రింద కర్బనమును, సూక్ష్మజీవులును అధికముగా నుండును.

మన గోదావరి ప్రాంతములోను ఆయిల్ పామ్ తోటలు విరివిగా కలవు. పెదవేగిలో ఇందుకై జాతీయ పరిశోధన సంస్థయే యున్నది. ఇచ్చటి తోటలు చాలవరకు పూర్వము సేద్యము జరిగిన భూములలో వేసినవి గనుక, సుమత్రా ఫలితములను ఉన్నవి ఉన్నట్లు ఇచ్చటికి అన్వయింపరాదు. కాని మట్టల సంగతిని విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును. రైతు అనుమతితో, మట్టల క్రింది మట్టిని ఒక పిడికెడు, చెట్టు మొదటి మట్టిని ఒక పిడికెడు తీసి, రంగును, వాసనను పోల్చి చూడుడు. తొలకరివాన నాడు కమ్మగా వచ్చు మట్టివాసన స్ట్రెప్టోమైసిస్ మొదలగు బాక్టీరియాలు తయారుచేయునదే.