శివరాత్రి జాగరము – ఒగ్గు డోలు

పాలకుర్తి గుట్టపై సోమేశ్వర, లక్ష్మీనరసింహ స్వాముల సన్నిధిని మహాశివరాత్రికి జాతర జరుగును. జాగరమునకు పాటయే ప్రాణము. ఈ గ్రామము పాల్కురికి సోమనాథుని జన్మస్థలమని ప్రసిద్ధి. ఆ కవి పండితారాధ్య చరిత్రమున తుమ్మెదపదములు, వెన్నెలపదములు, నివాళిపదములు, బొమ్మలాటలు మున్నగువానిని పేర్కొనెను. ఆ పదములలో పెక్కు నేడు పేరునకే మిగిలినవి.

ఈ జనగామ జిల్లాకే చెందిన మాణిక్యాపురపు చుక్క సత్తయ్య మల్లన్న, బీరప్ప కథలను ఒగ్గు, డోలు, తాళములతో ఆడి పాడి, సంగీత నాటక అకాడమీ పురస్కారము నంది, 2017లో కన్నుమూసెను.

ఒగ్గుకథలో కథకునకు బదులు పలుకు వంతగాడు కావలెను. చెవియొగ్గు శ్రోతయు కావలెను. నేటి జాతరలలో డీజే పెట్టెల హోరు ఆ ఇరువురి నడుమ అడ్డుగోడ యగుచున్నది. రానున్న శివరాత్రికి ఉపాధ్యాయులు విద్యార్థులను ఒగ్గుకథ చెంతకు గొనిపోయి, విన్నదానిని వ్రాయించినచో, సోమనాథుడు చేసిన పనినే కొనసాగించినవా రగుదురు.