కారు ముందు, వెనుక సీట్లను తీయడం – తిరిగి బిగించడం

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• కారు సీట్లను ఎప్పుడు, ఎందుకు తీయవలసి వస్తుందో వివరించగలుగుతారు.
• ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను తెలపగలుగుతారు.
• ముందు, వెనుక సీట్లను విప్పే క్రమాన్ని వరసగా చెప్పగలుగుతారు.
• సీటు బోల్టులను సరిగా బిగించకపోతే కలిగే ప్రమాదాన్ని లెక్క కట్టగలుగుతారు.

1. పరిచయం

2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధుల్లో వరదనీరు పారింది. 2022 జులైలో కడెం జలాశయానికి గేట్ల సామర్థ్యాన్ని మించి ప్రవాహం వచ్చింది. అదే నెలలో మంచిర్యాలలోని లోతట్టు కాలనీల్లోకి గోదావరి నీరు చేరింది. ఇలాంటి వరదల్లో ఇంటి ముందు నిలిపిన కార్లలోకి కూడా నీరు వస్తుంది. నీరు తీసిన తరవాత సీట్లు పైకి ఆరినట్లే కనిపిస్తాయి. కాని కార్పెట్ కింద ఉండే మందపాటి మెత్త రోజుల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది. దానివల్ల దుర్వాసన వస్తుంది, నేల రేకు తుప్పు పడుతుంది, కార్పెట్ కింద సాగే వైర్ల కనెక్టర్లు చెడిపోతాయి. సీట్లు తీయకుండా కార్పెట్‌ను పైకి లేపడం సాధ్యం కాదు. కాబట్టి వరదలో తడిసిన కారుకు చేసే మరమ్మతులో సీట్లు తీయడం ఒక ముఖ్యమైన దశ.

పైకి ఇది నాలుగు బోల్టులు విప్పే పనిగా కనిపిస్తుంది. అయితే ప్రమాద సమయంలో ప్రయాణికుణ్ణి పట్టి ఉంచేవి ఆ నాలుగు బోల్టులే. అందువల్ల ఈ పాఠంలో విప్పడంతో పాటు బిగించడానికి కూడా అంతే ప్రాధాన్యం ఇచ్చాం.

2. పని మొదలుపెట్టే ముందు

2.1 సీటు కింద ఏముంటుంది?

పాత అంబాసిడర్, మారుతి 800 కార్ల సీటు కింద వైర్లు దాదాపు ఉండేవి కావు. నేటి కార్లలో పరిస్థితి వేరు. సీటుబెల్టు పెట్టుకున్నామో లేదో తెలిపే స్విచ్, కొన్నింటిలో సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్, ప్రమాదం జరిగిన క్షణంలో బెల్టును బిగదీసే ప్రిటెన్షనర్ ఉంటాయి. మన దేశంలో అన్ని కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై 1 నుంచి తప్పనిసరి అయింది. ఎయిర్‌బ్యాగ్, ప్రిటెన్షనర్ వైర్ల కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. పసుపు కనెక్టర్ కనిపిస్తే అది పేలుడు పదార్థంతో పనిచేసే పరికరానికి చెందినదని గుర్తించాలి.

2.2 బ్యాటరీ తీసిన వెంటనే ఎందుకు పని మొదలుపెట్టకూడదు?

ఎయిర్‌బ్యాగ్ నియంత్రణ పెట్టెలో కెపాసిటర్ ఉంటుంది. ప్రమాదంలో బ్యాటరీ తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవడానికి కావలసిన విద్యుత్తును అది నిల్వ ఉంచుతుంది. అంటే బ్యాటరీ తీసినా కొంతసేపు ప్రమాదం పొంచి ఉన్నట్లే. అందువల్ల తాళంచెవి తీసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌ను విడదీసి, కారు మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాలి. మల్టీమీటర్‌తో పసుపు కనెక్టర్లను పరీక్షించకూడదు. మీటరు పంపే స్వల్ప విద్యుత్తు కూడా దాన్ని పేల్చవచ్చు.

వరదలో మునిగిన కారును స్టార్ట్ చేయకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తీగలు అధిక వోల్టేజివి; అవి నీటిలో మునిగితే శిక్షణ పొందిన సాంకేతిక నిపుణులే ముట్టుకోవాలి.

2.3 కావలసిన సామగ్రి

రాట్చెట్, సాకెట్ పానాలు (చాలా కార్లకు 12, 13 లేదా 14 మి.మీ.; కొన్నింటికి నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్), టార్క్ రెంచ్, ప్లాస్టిక్ మూతలు తీయడానికి చదునైన పరికరం, తుప్పు వదిలించే ద్రవం, పాత దుప్పటి, చేతి తొడుగులు, బోల్టులు వేరువేరుగా ఉంచే డబ్బాలు. విప్పే ముందు ప్రతి దశను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి.

3. ముందు సీటు తీసే విధానం

(అ) కారును సమతల నేలపై నిలిపి హ్యాండ్‌బ్రేక్ వేయాలి. 2.2లో చెప్పినట్లు బ్యాటరీ విడదీసి ఆగాలి. సీటు మోటారుతో కదిలేదైతే, తడవని కారులో ముందుగా సీటు జరిపి బోల్టులు విప్పి, ఆ తరవాతే బ్యాటరీ తీయాలి.
(ఆ) హెడ్‌రెస్ట్ తీస్తే సీటు తలుపులోంచి సులభంగా వస్తుంది.
(ఇ) సీటును పూర్తిగా వెనక్కి జరిపితే పట్టాల ముందరి రెండు బోల్టులు, పూర్తిగా ముందుకు జరిపితే వెనుక రెండు బోల్టులు అందుతాయి. వాటిపై ప్లాస్టిక్ మూతలు ఉండవచ్చు. తుప్పు పట్టిన బోల్టును బలవంతంగా తిప్పితే తల తెగిపోతుంది. ద్రవం పోసి కొంతసేపు ఆగి, కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ విప్పాలి.
(ఈ) సీటును మెల్లగా వెనక్కి వంచి, కింద ఉన్న కనెక్టర్ల తాళం నొక్కి విడదీయాలి. వైరు పట్టి లాగకూడదు. కొన్ని కార్లలో బెల్టు కింది చివర సీటుకే బిగించి ఉంటుంది. దాన్ని కూడా విప్పాలి.
(ఉ) తలుపు గడపపై దుప్పటి పరిచి, ఇద్దరు కలిసి సీటును బయటికి తీయాలి. పట్టాల అంచులు పదునుగా ఉంటాయి.

4. వెనుక సీటు తీసే విధానం

వెనుక సీటుకు కూర్చునే భాగం, వీపు ఆనించే భాగం అని రెండు భాగాలుంటాయి. చాలా కార్లలో కూర్చునే భాగం ముందు అంచు కింద రెండు క్లిప్పులుంటాయి. ఒక్కో క్లిప్పుకు దగ్గరగా పట్టుకుని నేరుగా పైకి లాగితే అది ఊడుతుంది. వెనుక అంచు కొక్కెం నుంచి విడివడిన తరవాత, బెల్టు బకిల్స్‌ను సందుల్లోంచి జాగ్రత్తగా తప్పించి సీటు తీయాలి. కొన్ని కార్లలో క్లిప్పులకు బదులు బోల్టులుంటాయి.

వీపు భాగం ఒకే ముక్కైతే దాని కింది మూలల్లో బోల్టులుంటాయి. వాటిని విప్పి పైకి లేపితే వెనుక రేకుకున్న కొక్కేల నుంచి బయటికి వస్తుంది. 60:40గా మడిచే సీటైతే పక్కనా, మధ్యలోనూ ఉండే కీళ్ల బోల్టులు విప్పాలి.

చాలా పెట్రోలు కార్లలో ఇంధన పంపు మూత వెనుక సీటు కిందే ఉంటుంది. కాబట్టి అక్కడ అగ్గిపుల్ల, బీడీ, నిప్పురవ్వలు వచ్చే పరికరాలు పనికిరావు.

సీట్లు తీశాక కార్పెట్‌ను, దాని కింది మెత్తను ఎత్తి ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కనుక దీనికి చాలా రోజులు పట్టవచ్చు. చేత్తో నొక్కితే చల్లదనం తగలకూడదు.

5. తిరిగి బిగించడం: బోల్టుపై పడే బలం

గంటకు 50 కి.మీ. వేగం అంటే సెకనుకు సుమారు 13.9 మీటర్లు. ఢీకొన్నప్పుడు ఈ వేగం 0.1 సెకనులో సున్నా అయిందనుకుందాం.

రుణ త్వరణం = 13.9 ÷ 0.1 = 139 మీ/సె²

20 కిలోల సీటుపై బలం = 20 × 139 = 2,780 న్యూటన్లు

ఇది సుమారు 280 కిలోల బరువు లాగినంత బలం. కూర్చున్న మనిషి 60 కిలోలుంటే ఆ మనిషిని ఆపడానికి మరో 8,340 న్యూటన్లు కావాలి. బకిల్ సీటుకే బిగించిన కార్లలో అందులో కొంత భారం కూడా ఈ నాలుగు బోల్టులపైనే పడుతుంది.

ఈ పాఠ రచయిత అనుభవం ఒకటి ఇక్కడ చెప్పడం ఉచితం. 2022 వానల తరవాత కరీంనగర్‌లో కారు సీట్లు తీయించి, ఆరబెట్టించి, తిరిగి పెట్టించడం జరిగింది. కొన్నాళ్లకు జగిత్యాల దారిలో గట్టిగా బ్రేకు వేసినప్పుడు డ్రైవర్ సీటు వెనుక మూల పైకి లేచింది. దిగి చూస్తే ఒక బోల్టు చేత్తో తిప్పినంత మేరకే ఉంది; మరొకటి అసలు లేదు. ముందు ఏ వాహనమూ లేకపోవడంతో ప్రమాదం తప్పింది. పని చేసినవాళ్లను తప్పుపట్టడం కంటే, సీటును ఒక్కసారి ఊపి చూసుకోకుండా బండి ఎక్కడమే పెద్ద పొరపాటు.

బిగించేటప్పుడు పాటించవలసిన నియమాలు:
• ముందుగా కనెక్టర్లు కలిపి, నాలుగు బోల్టులను చేత్తో మర పట్టించాలి. ఆ తరవాతే ఒక్కొక్కటిగా బిగించాలి.
• మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు రెంచ్‌తో బిగించాలి. టార్క్ = బలం × చేయి పొడవు. ఉదాహరణకు 40 న్యూటన్ మీటర్లకు, 0.25 మీటర్ల పిడిపై 160 న్యూటన్ల బలం కావాలి.
• తుప్పు తిన్న బోల్టు స్థానంలో అదే కొలత, అదే గ్రేడు బోల్టు వాడాలి. తలపై 8.8 అని ఉంటే అది 800 మెగాపాస్కల్స్ తన్యబలం గలది. అందులో 80 శాతం, అంటే 640 వద్ద శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. గుర్తులేని బోల్టు వాడరాదు.
• అన్ని కనెక్టర్లు కలిపిన తరవాతే బ్యాటరీ కలపాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే స్కానర్‌తో పరీక్షించాలి.
• సీటును జరిపి రెండు పట్టాలూ తాళం పడ్డాయో లేదో చూడాలి. బెల్టును ఒక్కసారిగా లాగితే అది ఆగాలి.

6. చట్టం ఏమంటుంది?

పత్తి విత్తనాల సంచులో, మోటారు పంపో తెచ్చుకోవడానికి వెనుక సీటు తీసి కారును సామాన్ల బండిగా వాడేవారున్నారు. మరమ్మతు కోసం తీసి మళ్లీ పెట్టడం వేరు, శాశ్వతంగా తీసేయడం వేరు. సీట్ల సంఖ్య రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే స్పష్టం చేసింది. సీటు లేని చోట మనుషులు కూర్చుంటే వారిని పట్టి ఉంచే బెల్టూ ఉండదు, ఆసరా ఉండదు.

7. సారాంశం

సీటు కారు అలంకరణ కాదు, భద్రతా వ్యవస్థలో భాగం. బ్యాటరీ విడదీసి ఆగడం, పసుపు కనెక్టర్లను గౌరవించడం, క్రమం తప్పకుండా విప్పడం, సరైన టార్క్‌తో బిగించడం, చివర పరీక్షించడం – ఈ 5 దశలలో ఏ ఒక్కటీ వదలకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బ్యాటరీ తీసిన తరవాత కొంతసేపు ఎందుకు ఆగాలి?
2. గంటకు 36 కి.మీ. వేగంతో వెళ్తున్న కారు 0.1 సెకనులో ఆగింది. 18 కిలోల సీటుపై పడే బలం ఎంత?
3. మీ ప్రాంతంలోని ఒక గ్యారేజీని సందర్శించి, ఏదైనా ఒక కారు వెనుక సీటు అమరికను పరిశీలించి 10 వాక్యాలలో రాయండి.

(2వ ప్రశ్నకు జవాబు: 36 కి.మీ. వేగం = సెకనుకు 10 మీటర్లు; 10 ÷ 0.1 = 100 మీ/సె²; 18 × 100 = 1,800 న్యూటన్లు.)