రీల్స్ మింగేస్తున్న నిద్ర

ఇంటర్ చదివే పిల్లవాడు రాత్రి పదకొండింటికి పుస్తకం మూసి, స్నేహితుడి మెసేజ్‌కి జవాబిద్దామని ఫోన్ తీస్తాడు. జవాబు అర నిమిషంలో అయిపోతుంది. ఆ పక్కనే ఏదో రీల్ కనిపిస్తుంది. మళ్లీ టైమ్ చూసుకునేసరికి ఒంటిగంట. పొద్దున్నే లేవలేక అమ్మతో తిట్లు, క్లాసులో కునికిపాట్లు.

తప్పంతా పిల్లవాడి మీదకే నెట్టలేం. సినిమాకి శుభం కార్డు పడుతుంది. ఫీడ్‌కి ఆ చివర అనేదే లేదు. కిందికి జరిపేకొద్దీ కొత్తవి వస్తూనే ఉండే ఈ పద్ధతిని 2006లో రూపొందించిన అజా రాస్కిన్, అలా చేసినందుకు తర్వాత బాహాటంగానే బాధపడ్డారు. పది రీల్స్‌లో ఒకటో రెండో బాగుంటాయి. ఏది బాగుంటుందో ముందే తెలియదు కాబట్టే వేలు ఆగదు. స్నాప్‌చాట్ స్ట్రీక్ (స్నేహితులు వరుసగా పలకరించుకున్న రోజుల లెక్క) అయితే రోజూ పలకరించకపోతే తెగిపోతుంది. సెలవు రోజున కూడా సెలవు లేదు.

దీనికి వయసు తోడవుతుంది. టీనేజీలో నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్ ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే వాళ్లకి త్వరగా నిద్ర పట్టదు. కాలేజీ గంట మాత్రం పొద్దున్నే మోగుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8–10 గంటల నిద్ర కావాలంటారు నిపుణులు. స్క్రీన్ వెలుతురు కొంత చెరుపు చేస్తుంది కానీ, పడుకోబోయే ముందు చదివిన వెటకారపు కామెంటు, తనను పిలవని పార్టీ ఫొటో మనసును ఇంకా ఎక్కువ కలత పెడతాయి. చదివింది మెదడులో కుదురుకునేది ఎక్కువగా నిద్రలోనే. అది తగ్గితే మతిమరుపు, చిరాకు, దిగులు వరుస కడతాయి.

రోజుకు 3 గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే పిల్లల్లో కుంగుబాటు, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపని 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి హెచ్చరించారు. అయితే ఫోన్ వల్ల దిగులు పుడుతోందా, దిగులుతో ఉన్న పిల్లలే ఫోన్ పట్టుకుంటున్నారా? రెండూ జరుగుతాయి. స్నేహాలు, ధైర్యం అక్కడే దొరికే పిల్లలూ ఉన్నారు. అందుకే గంటల లెక్క ఒక్కటే చాలదు. ఆ గంటలు దేన్ని తోసేస్తున్నాయో చూడాలి. నిద్రనా, ఆటనా, నలుగురితో కలిసి తినే అన్నాన్నా?

ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టాన్ని 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తోంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ముందు ఇంట్లో చార్జర్ చోటు మార్చవచ్చు. రాత్రి పదికి అందరి ఫోన్లూ హాల్లోనే, నాన్నదీ అక్కడే. అలారానికి ఒక గడియారం కొంటే సాకు పోతుంది. ఇవి చేసినా నిద్ర, తిండి, చదువు వారాల తరబడి గాడి తప్పి ఉంటే ఫోన్ లాక్కోవడంతో సరిపెట్టకండి. డాక్టరుకు చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయండి. ఆ కాల్‌కు పైసా ఖర్చు లేదు.